మైనం పెట్టిన గాంధారం

మా ముత్తాత ఇంద్రావతి ఒడ్డున పన్నెండు ఊళ్ల శిస్తు గుత్తకు తీసుకున్న ఇజారాదారు. మా తాత కాలానికి అవి ఏడయ్యాయి. అయినా జగదల్‌పూర్ దర్బారులో ఆయనకు కుర్చీ ఉండేది, కుడివైపు వరసలో నాలుగోది. మా నాన్న కాలానికి ఊళ్లూ లేవు, కుర్చీ కూడా లేదు. దర్బారుకు వెళితే స్తంభం పక్కన నిలబడి తిరిగి వచ్చేవాడు. కానీ తలపాగా లేకుండా ఆయన గడప దాటడం నేను చూడలేదు. ఇదంతా మీ జాలి కోసం చెప్పడం లేదు. నేను చేసిన పొరపాటు పొగరుతో చేసింది. ఆ పొగరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే పొరపాటు కూడా అర్థం కాదు.

తాత బతికున్న రోజుల్లో గోదావరి అవతలినుంచి ఒక వైణికుడు ఏటా వానాకాలంలో వచ్చి మా ఇంట్లో ఉండేవాడు. ఇంట్లో పనసకర్ర వీణ ఉండేది. రెండు మూడేళ్లకోసారి ఆయన దాని మెట్లన్నీ ఊడదీసి, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కరిగించి, ఆ మైనం దిమ్మ మీద మెట్లను ఒక్కొక్కటే మళ్లీ కూర్చేవాడు. నిప్పుల కుంపటి పట్టుకుని పక్కన కూర్చోవడం నా పని. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలని, రిషభాలు, గాంధారాలు, ధైవతాలు, నిషాదాలు ఎక్కువ తక్కువలుగా ఉంటాయని, షడ్జ పంచమాలు మాత్రం కదలవని అప్పుడే నేర్చుకున్నాను. ఒకసారి ఆయన మెట్టును మైనంలో నొక్కుతూ అన్నాడు: "బాబూ, మెట్టు నీకు చోటు చూపిస్తుంది. స్వరం ఎక్కడుందో చెవి వెతుక్కోవాలి." మొదటి వాక్యం నాకు బాగా గుర్తుండిపోయింది. రెండోది గుర్తు రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

తాత పోయాక వైణికుడు రావడం మానేశాడు. వీణను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు. మా ఊరు భోపాలపట్నంలో రెండు నెలలు మకాం వేసిన ఒక నాటకాల కంపెనీ దగ్గర నేను హార్మోనియం నేర్చుకున్నాను. హార్మోనియంలో మీట నొక్కితే స్వరం వస్తుంది, వెతుక్కునే పని లేదు. ఆ సుఖానికి అలవాటు పడ్డాను. ఆ హార్మోనియంతోనే నాకు బస్తర్ సంస్థానం బ్యాండులో రైటరు ఉద్యోగం దొరికింది. ఊళ్లలో పాడే వరసలు విని, స్వరపరిచి, బ్యాండు వాద్యాలకు రాసి ఇవ్వడం నా పని. తాత కుర్చీలో కూర్చున్న దర్బారులో మనవడు బ్యాండు వెనక నిలబడే ఉద్యోగంలో చేరాడు. వీణను మాత్రం నాతోపాటు ఎడ్లబండిలో తెచ్చుకున్నాను.

బ్యాండు మాస్టరు సికింద్రాబాదు దండులో పనిచేసి పింఛను పుచ్చుకున్న మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. మీసాలకు నూనె రాసేవాడు. నా తలపాగా చూసిన మొదటి రోజే నాకు పేరు పెట్టేశాడు.

"ఏమోయ్ జమీందార్! నీ పాగాకు ఒక కుర్చీ వేయమంటావా?"

ఆ మాట నన్ను కోసింది. కానీ ఈరోజు నాకు తెలిసిన దానిలో సగం ఆయన పెట్టిన భిక్షే. మధ్యాహ్నం సాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేవాళ్లు. ఆయన నా హార్మోనియం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

"స నొక్కు. దానితోపాటు ప నొక్కు. రెండూ ఒకేసారి. ఏమనిపిస్తోంది?"

"గట్టిగా ఉంది. కానీ ఖాళీగా ఉంది."

"అంతే. గోడలు లేచినయి, లోపల మనిషి లేడు. ఇప్పుడు మధ్యలో గ పెట్టు. పెద్ద గాంధారం."

పెట్టాను. గదిలోకి వెలుతురు వచ్చినట్టయింది.

"ఇప్పుడు చిన్న గాంధారం."

ఒక్క మీట కిందికి దిగాను. అదే స, అదే ప. కానీ ఇంట్లో ఎవరో పోయినట్టు ఉంది.

"చూసినావా? దీన్నే కార్డు అంటారు. పైదీ కిందిదీ కదలవు. సంతోషమా దుఃఖమా అనేది మధ్యది చెబుతుంది. నువ్వు ఏ వరస రాసినా ముందు దాని గాంధారం ఏదో పట్టుకో. అది దొరికితే కింద కార్డు దానంతటదే కూర్చుంటుంది."

మన సంగీతంలో ఒకేసారి మూడు స్వరాలు మోగించే పద్ధతి లేదు. నాకది కొత్త. కానీ ఆయన చెప్పింది రాగానికీ వర్తిస్తుందని అనుకున్నాను. మిగతా స్వరాలన్నీ అవే అయినా గాంధారం మారితే రాగం మారిపోతుంది. గాంధారాలు రెండే కాబట్టి ఏ వరసయినా ఈ ఇంట్లోనో ఆ ఇంట్లోనో ఉండి తీరాలి. ఆ లెక్క నాకు ఎంతో నచ్చింది. అక్కడే తప్పటడుగు వేశాను.

ఆ ఏడు దసరాకు నాగపూర్ వైపునుంచి ఒక ఇంగ్లీషు దొర అతిథిగా వస్తున్నాడని తెలిసింది. దసరాకు నలుమూలల ఊళ్లనుంచి అమ్మవార్లు గొడుగులతో జగదల్‌పూర్ వస్తారు. ప్రతి అమ్మవారికీ తనదైన వరస ఉంటుంది. గొడుగు ముందు మోహరి ఊదుతూ నడుస్తారు. మోహరి అంటే మన సన్నాయి లాంటిదే, కొంచెం పొట్టిది, గొంతు ఇంకా పదునుగా ఉంటుంది. ఉత్సవ వ్యవహారాలు చూసే సాహెబు బ్యాండు మాస్టరునూ నన్నూ పిలిపించాడు.

"రాజమహలు గేటు దగ్గర అమ్మవారిని మన బ్యాండు ఎదుర్కోవాలి. మోహరి కూడా బ్యాండుతో కలిసి మోగితే సరే. కలవకపోతే మోహరివాళ్లను గేటు బయటే ఆపేయండి. ఈ ఏడే కాదు, ఇకముందు కూడా. అతిథి చెవులు కాపాడటం మన బాధ్యత."

మోహరి శ్రుతి బ్యాండు క్లారినెట్ల శ్రుతితో కలవాలి కదా. వెతగ్గా వెతగ్గా ఆవపల్లి అవతల ఒక ఊరి మోహరి శ్రుతి సరిగ్గా సరిపోయింది. ఆ ఊదే పెద్దాయనను పదిహేను రోజులు ముందే రప్పించారు. ఆరు రోజులు నడిచి వచ్చాడు. వెంట ఆయన భార్య వచ్చింది. గొడుగు, పూజారి, ఊరివాళ్లు పండుగ రోజుకు వస్తారు.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. సన్నగా, కాలిన కట్టెలా ఉండేవాడు. మాట తక్కువ. ఆ లోటు భార్య తీర్చేది. వాళ్లకు దోర్లీ, హల్బీ, తెలుగు మూడూ వచ్చు. నాతో తెలుగులోనే మాట్లాడేవారు. మొదటి రోజే సాహెబు హుకుం వాళ్లకు చెప్పాను. పెద్దాయన చాలాసేపు నేల చూశాడు.

"మోహరి గేటు బయట ఆగితే, మా పొలం కూడ ఆగిపోతది దొరా," అన్నాడు. "అమ్మ ముందు ఊదుతనని మా తాతకు ఊరు ఇచ్చిన పొలం అది. ఊదకపోతే పొలం ఊరిదే."

"ఎన్ని తరాలుగా ఉంది?"

"నాకు లెక్క తెల్వదు. మా తాతకు కూడ తెల్వదు."

పోగొట్టుకోవడమంటే ఏమిటో మా ఇంటివాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఈయన పొలం పోకుండా చూడటం నా వంతు అని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. ఉద్దేశం మంచిదే. దాన్ని నెరవేర్చిన తీరులో మాత్రం నా పొగరే ఉంది.

మర్నాడు ఆయన, అమ్మవారు వచ్చేటప్పుడు ఊదే వరస ఊదాడు. హార్మోనియం మీద వెంట పట్టుకున్నాను. స, రి కలిశాయి. పైన ప, ద కలిశాయి. మధ్యలో గాంధారం కలవలేదు. పెద్ద గాంధారం నొక్కితే ఆయనది దానికి కింద ఉంది. చిన్న గాంధారం నొక్కితే ఆయనది దానికి పైన ఉంది. రెండు మీటల మధ్య, చెక్క కూడా లేని సందులో మోగుతోంది. మళ్లీ ఊదమన్నాను. మళ్లీ అక్కడే. పదిసార్లు ఊదితే పదిసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట. అది తప్పుగా ఊదేవాడి పని కాదని నాకు అప్పుడే తట్టాలి. తప్పు చేసేవాడు పదిసార్లు ఒకేలా చేయడు. కానీ పుస్తకంలో గాంధారాలు రెండే ఉన్నాయి. నా మీటలు రెండే ఉన్నాయి. కాబట్టి తప్పు మోహరిదే అయివుండాలి.

"ఈ రంధ్రం కొంచెం పైకి పడింది," అన్నాను మోహరి చేతిలోకి తీసుకుని.

"దేనికి పైకి దొరా?"

హార్మోనియం చూపించాను. పక్కన బియ్యం ఏరుతున్న ఆయన భార్య పకపకా నవ్వింది.

"ఏంది దొరబాబూ, ఆ పెట్టె సెప్పుతదా మాకు? దానికి పళ్లున్నయి గని గొంతు లేదు."

"నీకేం తెలుసు?" అన్నాను. మా ఇంట్లో ఆడవాళ్లతో కూడా నేను అలా మాట్లాడేవాడిని కాదు. ఆమె చేతిలోని చేటను కొంచెం నా వైపు తిప్పి, ఊక చెరిగింది. నా ధోవతి మీద ఊక పడింది.

బ్యాండు మాస్టరుకు విషయం చెప్పాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"క్లారినెట్‌కు రంధ్రాలు మార్చలేం. మోహరి రంధ్రం పెద్దది చేస్తే గాంధారం పైకి పోతుంది, కానీ చెక్క కోసినాక మళ్లీ రాదు. చిన్నది చేస్తే కిందికి దిగుతుంది. ఏం పెట్టి చిన్నది చేస్తావు?"

ఆ మాటకు నా కళ్ల ముందు తాత ఇంటి కుంపటి మెరిసింది. మైనం! వీణకు మెట్లు కూర్చే పని నా కళ్లతో చూసినవాణ్ణి. రంధ్రం పై అంచున కాస్త మైనం పెడితే గాంధారం చిన్న గాంధారానికి దిగుతుంది, కింద దానికి తగిన కార్డు కూర్చోవచ్చు. నా వంశంలో ఉన్న విద్య ఇన్నాళ్లకు అక్కరకు వచ్చిందని గర్వంగా అనిపించింది.

కుంపటి తెప్పించి మైనం కరిగించాను. పెద్దాయన మోహరిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, ఇవ్వలేదు.

"దొరా, ఆ బొక్క మీద వేలు సగం వేసి ఊదితే అది వేరే పాట. పండుగ అయిపోయినంక అమ్మను ఊరికి సాగనంపే పాట. అది ఇంటే అమ్మ మర్లుతది."

"వేలు కాదు కదా," అన్నాను నేను. "మైనం."

ఇది రాస్తూ ఉంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన నా ముఖంలోకి చూశాడు. భార్య ముఖంలోకి చూశాడు. హుకుం ఉంది, పొలం ఉంది, ఎదురుగా తలపాగా చుట్టుకున్న మనిషి ఉన్నాడు. మోహరి నా చేతిలో పెట్టాడు. రంధ్రం పై అంచున మైనం పెట్టి ఆరనిచ్చాను.

తర్వాత ఊదితే, నేను అనుకున్నట్టే, గాంధారం చిన్న గాంధారం మీద సరిగ్గా కూర్చుంది. కింద బ్యాండుకు కార్డు రాశాను. రెండూ కలిసి మోగితే వాద్యగాళ్లు కూడా సాధన ఆపి విన్నారు. "గుండె పిండేస్తోందోయ్ జమీందార్," అన్నాడు మాస్టరు. సాహెబు వచ్చి విని తల ఊపాడు. పెద్దాయన రోజూ వచ్చేవాడు, చెప్పినంతసేపు ఊదేవాడు, వెళ్లిపోయేవాడు. భార్య మాత్రం వినేది కాదు. ఆ వరస మొదలవగానే కుండ తీసుకుని నీళ్లకు వెళ్లిపోయేది.

పండుగ రోజు వచ్చింది. గేటు లోపల మంటపం మీద సాహెబు, అతిథి దొర, పెద్దలు. కింద మా బ్యాండు, కొత్త కోట్లలో చెమటలు కక్కుతోంది. గేటు బయట జనం. దూరాన దుమ్ములోనుంచి అమ్మవారి గొడుగు కనిపించింది. ముందు పెద్దాయన. ఆయన వెనక పూజారి నడుముకు కట్టుకున్న గుడ్డలో గొడుగు కర్ర నిలబెట్టి మోస్తున్నాడు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ తాళ్లు పట్టుకుని ఉన్నారు. వాళ్లు ఊరినుంచి ఆ ఉదయమే చేరారు. మైనం సంగతి వాళ్లకు తెలియదు. దారి పొడుగునా డోలు మాత్రమే మోగింది. మోహరి గేటు దగ్గరే మొదలవ్వాలని మా ఏర్పాటు.

గేటుకు ఇరవై అడుగుల దూరంలో గొడుగు ఆగింది. మాస్టరు కర్ర ఎత్తాడు. బ్యాండు కార్డు పట్టింది. పెద్దాయన కళ్లు మూసుకుని ఊదాడు.

పూజారి ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. తలెత్తి పెద్దాయన వైపు చూశాడు. గొడుగు వణికింది. తర్వాత, ఎవరో భుజం పట్టుకుని తిప్పినట్టు, నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. తాళ్లు పట్టుకున్నవాళ్లూ తిరిగారు. ఊరివాళ్లందరూ తిరిగారు. పండుగ మొదలవకముందే అమ్మవారు వచ్చిన దారినే ఇంటికి బయల్దేరింది.

మా బ్యాండు మాత్రం మోగుతూనే ఉంది. ఆ దుఃఖపు కార్డు ఎంత శుద్ధంగా ఉందో చెప్పలేను.

"క్యా హో రహా హై?" అని మంటపం మీదనుంచి సాహెబు గొంతు. ఏం జరుగుతోందని అడుగుతున్నాడు.

పెద్దాయన ఊదడం ఆపేశాడు. మోహరి పెదాల దగ్గరే ఉంది. ఆయన కళ్లు గొడుగు మీద లేవు, నా మీదా లేవు. నేల చూస్తున్నాడు, మొదటి రోజు పొలం మాట చెప్పినప్పుడు చూసినట్టే.

అప్పుడు జనంలోనుంచి ఆమె కేక:

"ఏంది దొరబాబూ సూస్తున్నవు? పెట్టినోడివి తియ్యవా?"

పరుగెత్తాను. నా జీవితంలో నలుగురిలో నేను పరుగెత్తింది ఆ ఒక్కసారే. మా నాన్న అయితే పరుగెత్తేవాడు కాదు. మోహరి తీసుకుని చూస్తే మైనం గట్టిగా అతుక్కుపోయి ఉంది, గోరుకు రావడం లేదు. ఆమె జనాన్ని తోసుకుని వచ్చి, కొప్పులోని ఇత్తడి సూది లాగి నా చేతిలో పెట్టింది. దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నాను. తలపాగా జారి కిందపడింది. ఎవరో తొక్కారు. మైనాన్ని చుట్టూ గీకి, లోపలికి పడకుండా పైకి లాగి, రంధ్రం అంచును నా ఉత్తరీయంతో తుడిచాను. సూది జారితే చెక్క గీసుకుపోతుందని ఒకే ఒక్క భయం. గొడుగు అప్పటికే ముప్పై నలభై అడుగులు వెళ్లిపోయింది.

మోహరి పెద్దాయనకు ఇచ్చి, బ్యాండు దగ్గరికి వచ్చాను.

"మధ్య స్వరం తీసేయండి. గాంధారం ఎవ్వరూ మోగించొద్దు. స, ప, రెండే పట్టండి."

"ఖాళీగా ఉంటుందోయ్!" అన్నాడు మాస్టరు పళ్ల మధ్యనుంచి.

"ఖాళీగానే ఉండాలి. అది ఆయన చోటు."

ఆయన పాగా లేని నా తల వంక ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు. వాద్యగాళ్ల వైపు తిరిగి చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తి, మధ్యవి మడిచి చూపించాడు. కర్ర ఎత్తాడు. స, ప. నిండుగా, కదలకుండా, లోపల ఎవరూ లేకుండా.

ఆ ఖాళీలోకి పెద్దాయన తన గాంధారంతో వచ్చాడు. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. సంతోషమనలేను, దుఃఖమనలేను. ఎవరో గుమ్మంలో నిలబడి లోపలికి రానా అని అడుగుతున్నట్టు ఉంది. మైనం పెట్టకముందు పదిసార్లు నేను విన్న వరసే అది, కానీ నిజంగా విన్నది అప్పుడే.

దూరాన గొడుగు ఆగింది. తిరిగింది. పూజారి కాళ్లు ఆ వరసకు తగ్గట్టు ఊగుతూ గేటు వైపు నడిచాయి. అమ్మవారు లోపలికి వచ్చింది.

సాయంత్రం సాహెబు మాస్టరునూ పెద్దాయననూ నన్నూ పిలిపించాడు. నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. అమ్మవారు ఎందుకు వెనక్కి తిరిగిందని అడిగాడు. నేను చెప్పబోయాను. ఈలోగా పెద్దాయన చేతులు కట్టుకుని ఒకడుగు ముందుకు వేశాడు.

"అమ్మకు బ్యాండు కొత్త కద సాహెబ్," అన్నాడు. "సిగ్గుపడ్డది."

సాహెబు పెదాలు వంకరపోయాయి. నవ్వు ఆపుకుంటున్నాడో కోపం ఆపుకుంటున్నాడో తెలియలేదు. చివరికి, అతిథి దొరకు ఆ ఘట్టమే అన్నిటికంటే నచ్చిందని చెప్పాడు. అమ్మవారు వెళ్లిపోతున్నట్టు నటించి మళ్లీ రావడం ఎంతో అందమైన పురాతన ఆచారమని ఆయన డైరీలో రాసుకున్నాడట. వచ్చే ఏడు కూడా అలాగే చేయమని హుకుం.

చేశారు కూడా. మరుసటి ఏడు గొడుగు ముప్పై అడుగులు వెనక్కి వెళ్లి తిరిగి వచ్చింది. ఆ పైఏడు కూడా. ఏళ్లు గడిచాక, అది అనాదిగా వస్తున్న ఆచారమని ఒక పెద్దమనిషి నాకే వివరంగా చెప్పాడు. నేను ఆయన మాట కాదనలేదు. మోహరి హక్కు నిలిచింది, పొలం నిలిచింది. ఆచారానికి అంతకంటే మంచి పుట్టుక ఏం కావాలి?

సాహెబు గదినుంచి బయటికి వచ్చాక పెద్దాయనను ఆపాను. మా వంశంలో క్షమాపణ అడగడం ఎవరూ నేర్పలేదు. ఎదురుగా నిలబడ్డాను. ఆయనే అన్నాడు:

"పెట్టింది నువ్వే, తీసింది నువ్వే. ఇంక ఏముంది?"

"తీయమని సెప్పింది నేను," అంది బయట కాచుకుని ఉన్న భార్య. "నా సూది నాకియ్యి."

ఇచ్చాను. ఇచ్చి, వాళ్లిద్దరినీ నా గదికి భోజనానికి పిలిచాను. అటక మీది సంచి దించి వీణ బయటికి తీశాను. పదిహేనేళ్లలో మైనం ఎండి పగుళ్లు బారింది, మెట్లు కొన్ని ఊగుతున్నాయి. ఆమె వీణ చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీనికి గొంతు ఉన్నట్టుంది," అంది.

మర్నాడు పొద్దున కుంపటి పెట్టి మైనం కరిగించాను. మిగిలిన మెట్లను వైణికుడు పెట్టిన చోటే కూర్చాను. గాంధారం మెట్టు దగ్గరికి వచ్చాక ఆగాను. వీణలో చిన్న గాంధారానికి ఒక మెట్టు, పెద్ద గాంధారానికి ఒక మెట్టు పక్కపక్కనే ఉంటాయి. తీగను పక్కకు లాగితే ఆ మధ్య చోటు దొరుకుతుంది. వైణికుడు చెవితో వెతుక్కోమన్నది దాన్నేనని ఇన్నాళ్లకు తెలిసింది. కానీ నాకు ఆ చోటు కళ్లకు కూడా కనబడాలనిపించింది. పెద్ద గాంధారం మెట్టును మెత్తని మైనంలో కిందికి జరుపుతూ తీగ మీటాను. పెద్దాయన మోహరి మీద తన స్వరం పట్టుకుని ఉన్నాడు. ఆమె నేల మీద కూర్చుని వింటోంది.

"ఇంకొంచెం ఇటు... ఇటు... అరె, దాటి పోయినవు, ఎనకకు రా. ఆఁ. ఆడ ఆగు. ఇంక కదలకు."

కదలలేదు. మైనం ఆరేదాకా మెట్టును అలాగే పట్టుకుని కూర్చున్నాను. వేలు కాలింది. వదల్లేదు.

సంగీతం నేర్చుకునే పిల్లలూ, మీలో చాలామంది కీబోర్డు మీద నేర్చుకుంటున్నారు. తప్పేమీ లేదు, నేనూ మీటల మీదే బతికాను. ఒక వరసకు కార్డు వేసే ముందు దాని గాంధారం ఎక్కడుందో పదిసార్లు వినండి. అది మీ మీటల మధ్య సందులో కనిపిస్తే, పాడేవాడిని దిద్దడానికి పోకండి. స, ప పట్టుకుని మధ్య చోటు వాళ్లకు వదిలేయండి. ఆ తర్వాత నేను బ్యాండుకు రాసిన ప్రతి ఊరి వరసనూ అలాగే రాశాను. మధ్యది ఖాళీ. "నీ తాత కుర్చీ లాగా ఖాళీగా పెట్టినావేమోయ్," అనేవాడు మాస్టరు, కానీ నేను రాసినట్టే మోగించేవాడు. ఆయన చనిపోయినప్పుడు పాడెకు భుజం పట్టాను. తలపాగా లేకుండానే వెళ్లాను.

పెద్దాయన ఇంకో ఆరు దసరాలు వచ్చాడు. చివరి రెండు దసరాలకు నడవలేక బండిలో వచ్చాడు. ప్రతిసారీ నా గదికి వచ్చి, వీణ మీద ఆ మెట్టు ఒకసారి మీటమని అడిగి, విని, తల ఊపి వెళ్లేవాడు. నా జీతానికి సంతకం పెట్టింది సాహెబులు. నన్ను పరీక్షించి పాస్ చేసింది మాత్రం ఆయనే.

సంస్థానం దేశంలో కలిసిపోయాక బ్యాండు ఎత్తేశారు. నాకు స్కూల్లో సంగీతం చెప్పే ఉద్యోగం ఇచ్చారు. కిరండూల్‌లో పదవీ విరమణ చేశాను. బ్యాండు వాద్యాలను వేలం వేశారు. మా ఇజారా ఊళ్లు, భోపాలపట్నం ఇల్లు, తాత కుర్చీ అంతకుముందే పోయాయి. వేళ్లు ఇక తీగకు లొంగకపోవడంతో వీణను ఈ మధ్యే కొంట ఊళ్లో ఒక వర్తకుడికి అమ్మాను, గాంధారం మెట్టు ఉన్నచోట ఉన్నట్టుగానే.